గోడల మీద వేసిన నింద

ఈ మాట ఎవరికైనా చెప్పాలని కొన్నేళ్లుగా చూస్తున్నాను. భుజం మీది బరువైతే ఎక్కడో ఒకచోట దించుకోవచ్చు. నాది నోట్లో ఉంది. అన్నం తింటున్నప్పుడు కూడా అడ్డం పడుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను ఖరగ్‌పూర్‌లో రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో చేసి రిటైరయినవాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి వర్క్‌షాపులో సుత్తి పట్టడానికి వచ్చాడు. నేను చెవులకు హెడ్‌ఫోను తగిలించుకున్నాను. వాల్తేరుతో మాట్లాడాలన్నా, చక్రధర్‌పూర్‌తో మాట్లాడాలన్నా నా చేతిలోని తీగ బోర్డు కన్నంలో దూరాల్సిందే. ఎంతమందిని కలిపానో! తరువాత ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి, నేను కుర్చీకి కాపలా అయ్యాను. ఆ తరువాత సెల్‌ఫోన్లు, ఆపైన చవక నెట్. నెట్ వచ్చాకే నాకు రోజులు నెట్టుకురావడం కష్టమైంది. ఊరి నిండా టవర్లే, పలకరించడానికి ఎవరూ లేరు. నా భార్య పోయాక నా ఫోను మోగేదల్లా లోను కావాలా అని అడగడానికే. లోన ఏముందని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఒక్క అప్పలస్వామి తప్ప.

ఊళ్లో పూరీ గేటు దగ్గర మా సందు. సందు చివర నా ఇల్లు, సందు మొదట్లో అతని ఇల్లు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. అతని భార్య నూకాలమ్మ నడుము పడిపోయి మంచం పట్టింది. ఆమెకున్న ఒకే తోబుట్టువు, చెల్లెలు గౌరి, పలాస దగ్గర ఉంటుంది. మోకాళ్లు సహకరించక ఆవిడా రైలెక్కడం మానేసింది. అక్కచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని చాలా ఏళ్లయింది. అప్పలస్వామి దగ్గరున్నది మీటలు నొక్కే పాత ఫోను. అందులో మాట తప్ప బొమ్మ రాదు. అందుకని రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి, ఇంట్లోని కేబుల్ నెట్ మీదే నడిచే నా ఫోనులో మరదలి ముఖం చూసి, వెళ్లి భార్యకు వర్ణించేవాడు. వర్ణనలో అతను మహా పొదుపరి. "ఎలగుంది?" అంటే "బాగుంది". "ఏటి కట్టింది?" అంటే "సీర". ఆ పాటి వార్త కోసమే ఆవిడ పొద్దున్నుంచీ కాచుకుని ఉండేది.

ఫోను అయ్యాక టీ తాగేవాళ్లం. పాత ఫోర్‌మన్లను తిట్టుకునేవాళ్లం. ఆ కాసేపే నాకు రోజు. తక్కినదంతా దానికి ముందూ వెనకా.

ఒకనాడు అతను గోల్‌బజార్ వెళ్లి కొత్త స్మార్ట్ ఫోను కొనుక్కుని, ఇంటికైనా వెళ్లకుండా నేరుగా నా దగ్గరికొచ్చాడు. "ఒరే, నువ్వు టెలిఫోనోడివి. దీన్ని మా ఇంట్లో పలికించు. అది మంచం మీంచే సెల్లిని సూసుకుంటాది" అన్నాడు.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. కొట్టులోని బెంగాలీ దాదా అన్నీ సరిగ్గానే పెట్టి ఇచ్చాడు. నేను చేయాల్సిందేమీ లేదు. అయినా చేశాను. అతను చెప్పులు విప్పుతుండగా, వేలితో తెరను కిందికి లాగి, నెట్ మీట ఆపేశాను.

ఎందుకు? ఈ ఫోనులో బొమ్మ అతని ఇంట్లోనే వస్తే ఇక సందు చివరి దాకా ఎందుకు వస్తాడు? ఆ ఆలోచన ముందొచ్చిందా, వేలు ముందు కదిలిందా అని ఎన్నోసార్లు నన్ను నేనే నిలదీసుకున్నాను. వేలే ముందని చెప్పుకుంటే కాస్త నిద్ర పట్టేది. కానీ అది నిజం కాదు. ఆలోచనే ముందు.

అతని ఇంటికి వెళ్లి, నాలుగు మూలలా ఫోను పైకెత్తి చూపించి, నిట్టూర్చాను కూడా. "రావట్నేదురా. పాత ఇల్లు, మూరెడు మందం గోడలు. మా ఇంటికి తెచ్చుకో, అక్కడ వస్తాది" అన్నాను. మా ఇంటి కేబుల్ నెట్ వైఫైకి ఆ ఫోనును తగిలించాను. అక్కడ చక్కగా వచ్చింది. సిగ్నల్ సంగతిలో మా సందులో నా మాటకి తిరుగులేదు. అతను నమ్మాడు.

ఒకసారి నూకాలమ్మను చూడ్డానికి వెళ్లాను. ఆ ఫోను ఆమె తలగడ పక్కనే ఉంది.

"అన్నియ్యా, ఈ గోడల్లోంచి రేడియో వచ్చీది గదా?"

"వచ్చీది."

"మాటా వస్తంది గదా?"

"వస్తంది."

"మరి మా గౌరి మొకం ఏటి పాపం సేసింది?"

"మాట సన్నంగుంటాదమ్మా, ఏ సందులోంచైనా దూరిపోతాది. మొకం ఎడల్పు గదా."

ఆవిడ నవ్వింది. "మా పుట్టింటోళ్లవి మరీ ఎడల్పు మొకాలులే" అంది. తరువాత గొంతు తగ్గించి, "దాని తల నెరిసిపోయిందా అన్నియ్యా? ఈయన్నడిగితే సూణ్ణేదంటాడు" అని అడిగింది.

"అక్కడక్కడా" అన్నాను. నేను చూశాను. మొత్తం తెల్లబడింది.

ఫోను తీసి, అద్దం తుడిచి, మళ్లీ తలగడ పక్కనే పెట్టేశాను. తుడిచిన వేలే ఇంకొక్కసారి కదిలితే సరిపోయేది. కదల్లేదు. ఇంటికొచ్చేటప్పుడు నా చమత్కారానికి నేనే ముచ్చటపడ్డాను కూడా. మాట సన్నం, ముఖం వెడల్పు! ఆ తరువాత నా నోట ఏ హాస్యం వచ్చినా నాకు భయమే.

ఆ చలికాలం ఆవిడ దాటలేదు. జ్వరంతో పోయింది.

గౌరిని ఇద్దరు పట్టుకుని రైల్లోంచి దింపి తీసుకొచ్చారు. అక్క పక్కన కూలబడి ఏడ్చింది. ఆ తరువాత కొంగులోంచి తన ఫోను తీసి, రాలేకపోయిన ఇంటివాళ్లకు ఆఖరి చూపు చూపించడానికి వీడియో కలిపింది. ఆ గదిలోనే. ఆ గోడల మధ్యనే. పలాసలో ఏడుస్తున్నవాళ్ల ముఖాలు, కళ్లలో నీళ్లతో సహా, స్పష్టంగా కనబడ్డాయి. వెడల్పు ముఖాలే.

అప్పలస్వామి ఆ ఫోను వంక చూశాడు. తరువాత గుమ్మంలో నిలబడ్డ నా వంక చూశాడు. అయిపోయింది అనుకున్నాను. అయిపోతే బాగుండుననీ అనుకున్నాను. అతను వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈయేళ వచ్చిందిరా సిగ్నల్. నిన్న మొన్న వచ్చుంటే సూసుకునీది" అన్నాడు. నా ముఖం ఎలా ఉందో ఏమో, నన్నే ఓదార్చాడు. "నువ్వేటి సేస్తావు, గోడలలాటివి. నీకు సేతనయింది సేసినావు."

నాకు చేతనయింది చేశాను. నిజమే.

కర్మకాండలు అయ్యాక ఎవరూ చూడకుండా అతని ఫోనులో నెట్ మీట వేశాను. ఇప్పుడా ఇంట్లో బొమ్మ వస్తుంది. అతను గమనించలేదు. ఫోను ఇంట్లోనే పారేసి, ఇప్పటికీ రోజూ సాయంత్రం నా దగ్గరికి వస్తాడు. టీ తాగుతాడు. అంటే అప్పుడూ వచ్చేవాడేనా? అక్కచెల్లెళ్లను మాటల్లో వదిలేసి, తీరిగ్గా వచ్చి కూర్చునేవాడేనా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచి కుళాయి తిప్పుతాను. ఏదో ఒక చప్పుడు కావాలి.

మరి అతనికి ఎందుకు చెప్పలేదంటారా? బాధపడతాడని అంటాను. తిరగేసి చూస్తే, చెబితే రావడం మానేస్తాడని. అదే భయం. అప్పుడు వేలు చేసిన పని ఇప్పుడు నాలుక చేస్తోంది.

అతను ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నూకాలమ్మ మంచం ఉన్న వైపు గోడను బయటినుంచి అరచేత్తో ఒక్కటి చరుస్తాడు. "నీ వల్లేనే గోడా" అంటాడు. సందు చివర నా కిటికీలోంచి ఆ చెయ్యి లేవడం కనిపిస్తుంది. మాట వినబడదు. కానీ ఒకసారి పక్కనుండి విన్నాను, అది చాలు.

ఇప్పుడే ఆ చెయ్యి లేచింది. వస్తున్నాడు. టీకి నీళ్లు పెట్టాలి. ఈవేళా చెప్పను, నాకు తెలుసు. కానీ ఒక్క వాక్యం మాత్రం నోట్లోంచి తీసి ఇక్కడ పెట్టి లేస్తున్నాను. నోరు కొంచెం ఖాళీ అయినట్టుంది.

ఆ గోడల తప్పేమీ లేదు.