విల్లుకు ముందు వంతు

గల్ఫులో, జాబ్రియా అనే పేటలో నేను పనిచేసే ఇంట్లో గొడవలు తక్కువ. పోయిన చలికాలం వచ్చిన ఒక్క గొడవా జింక గురించి. ఆ జింక ఈ దేశంలో కూడా లేదు. విమానమెక్కి పోవాల్సిన ఏదో చలిదేశంలో, ఇంటి పెద్దాయన స్నేహితుడి అడవిలో ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ కనబడని జింక కోసం ఇంటిల్లిపాదీ నా బుర్ర తిన్నారు.

పెద్దాయనను అందరం బాబా అంటాం. ఆయన చిన్నకొడుక్కి తుపాకి పిచ్చి. మనవరాలికి విల్లు పిచ్చి. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆ పిల్ల ఉయ్యాలలో ఉంది, ఇప్పుడు నాకంటే పొడుగు. నన్ను అక్కా అంటుంది. మాటలు నా ఒళ్లోనే నేర్చింది కాబట్టి అరబ్బీతో పాటు మా అన్నమయ్య జిల్లా తెలుగు కూడా దడదడ మాట్లాడుతుంది. వాళ్లమ్మకు, అంటే నేను మామా అని పిలిచే ఇంటావిడకు, తెలియకూడనివన్నీ నాతో అందులోనే చెబుతుంది.

ఆ అడవిలో వేటకు ఒక పద్ధతి ఉందట. ముందు కొన్ని వారాలు విల్లు వాళ్లకు మాత్రమే. అవి అయ్యాకే తుపాకి వాళ్లను లోపలికి రానిస్తారు. ప్రతి ఏడూ బాబా, చిన్నకొడుకు తుపాకి రోజుల్లోనే పోయేవాళ్లు. ఈసారి పిల్ల అడ్డం పడింది. విల్లు రోజుల్లో పోదాం, తాతను నా పక్కన కూర్చోబెట్టుకుంటాను అంది. రెండుసార్లు పోవడం కుదరదు. బాబా మోకాళ్లు చూసి డాక్టరు ఏడాదికి ఒక్క ప్రయాణమే అన్నాడు, అదీ ఇదే ఆఖరిది కావచ్చునన్నాడు. కాబట్టి తాత ఎవరితో పోయినా రెండోవాళ్లకు ఆ తోడు ఇక లేనట్టే.

"ఇదేం న్యాయం?" అనేవాడు చిన్నకొడుకు భోజనాల దగ్గర. "అడవి నిద్ర లేవకముందే మీరు పోతారు. జింకలన్నీ బెదిరి కొండలెక్కాక మేం పోవాలి. పోతే అందరూ ఒకే రోజు పోవాలి."

"నీ గుండు పోలేని చోటికి కూడా నీ చప్పుడు పోతుంది. ఒక్కసారి పేలిస్తే నాకు మళ్లీ జింక కనబడుతుందా?" అని పిల్ల ఎదురు తిరిగేది. తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నేనొకటంటాను అన్నట్టు సాగేది. అన్నం చల్లారిపోయేది. మళ్లీ వేడి చెయ్యాల్సింది నేను.

నాకు ఒళ్లు మండేది. మా ఊళ్లో జింకలంటే దొంగలు. చెనక్కాయ చేలో పడితే తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు ఖాళీ. చిన్నప్పుడు నేనూ మా నాయనా మంచె మీద కూర్చుని చెవులప్పగించి వినేవాళ్లం. ఆకు కదిలిన చప్పుడుకూ, గాలి చప్పుడుకూ తేడా నాకు అక్కడే తెలిసింది. చప్పుడైతే నాయన వడిసెల తిప్పి రాయి విసిరేవాడు, తగలకుండా. "తోలితే సాలు మే, అది గూడా కడుపు కోసమే వచ్చినాది" అనేవాడు. ఇక్కడేమో కడుపు నిండినవాళ్లు ఆ జింక కోసం వంతులు పంచుకుంటున్నారు. ఒకరోజు ఉండబట్టలేక, "ముందు ఎవరు రావాలని జింకను అడిగినారా?" అన్నాను. బాబా పడీపడీ నవ్వాడు. ఆ నవ్వే నా కొంప ముంచింది.

ఆ శుక్రవారం అందరం ఎడారికి పోయాం. చలికాలంలో ఊరి బయట గుడారాలు వేసుకుని గడపడం ఇక్కడి వాళ్లకు పండగ లాంటిది. మధ్యాహ్నం మచ్బూస్ అన్నం తిని, టీ తాగాక బాబా నన్ను పిలిచాడు.

"జింక తరఫున మాట్లాడావు కదా. ఇవాళ నువ్వే జింకవి," అన్నాడు.

ఆట ఆయనే చెప్పాడు. గుడారాలకు దూరంగా, ముళ్లపొదల నడుమ, నేను కళ్లకు గుడ్డ కట్టుకుని కూర్చోవాలి. ముందు పిల్ల, తర్వాత చిన్నకొడుకు, విల్లు పట్టుకుని నా వైపు రావాలి. బాణం వేసేటంత దగ్గరికి, బాబా గీసిన గీత దాకా, నాకు తెలియకుండా రావాలి. తెలిస్తే నేను యల్లా, అంటే ఇక పద, అని కేక వెయ్యాలి. పిల్ల గీత దాకా వస్తే ప్రయాణం విల్లు రోజుల్లో. రాలేకపోతే తుపాకి రోజుల్లో. పిల్ల సరేనంది.

కళ్లకు గుడ్డ కట్టుకున్నాక మంచె మీద కూర్చున్నట్టే అనిపించింది. దూరంగా ఎవరిదో జనరేటరు. ముళ్లపొదలో గాలి. అడుగుల చప్పుడు లేదు. పిల్ల చెప్పులు కూడా విప్పేసిందని తర్వాత తెలిసింది. ఇసుకలో దాని అడుగు నాకు వినబడలేదంటే నమ్మండి, నాకు! పొంగిపోయాను. రా తల్లీ, ఇంకొంచెం, అని లోపల్లోపల అనుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు గాలి తిరిగింది. కొబ్బరినూనె వాసన వచ్చింది.

ప్రతి శుక్రవారం పొద్దున దానికి తలంటి, మెంతులు వేసి కాచిన నూనె పెట్టడం ఉయ్యాల నాటి నుంచి నా అలవాటు. ఈ ఎడారిలో ఆ వాసన ఇంకెవరికీ ఉండదు. అది సరిగ్గా ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించగలను. గీతకు ఇంకా ఇవతలికి రాలేదు. నోరు మూసుకుంటే చాలు, ఇంకో రెండడుగులు వేస్తుంది, తాతతో పోతుంది. ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుస్తుంది, దానికీ తెలుస్తుంది. దానికి దొంగ గెలుపు ఇచ్చి రేపు దాని మొహం చూడలేను.

"యల్లా!" అని కేక వేశాను.

గుడ్డ తీసేసరికి పిల్ల అక్కడే నిలబడి ఉంది, కళ్లనిండా నీళ్లు. "యాలక్కా? ఎట్ల ఇనపడినాది నీకు?"

"ఇనపళ్లేదు. నూనె వాసనొచ్చినాది," అన్నాను.

"నువ్వే గదా బెట్టినావు!" అని విల్లు ఇసుకలో పడేసింది. ఆ మాట నాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత చిన్నకొడుకు వంతు. ఆయన గుడారం దాటి నాలుగడుగులు వేశాడో లేదో ఊదు వాసన, సిగరెట్టు వాసన, రెండూ కలిసి నా మీద పడ్డాయి. యల్లా అన్నాను. మళ్లీ వస్తానన్నాడు. గాలికి ఎదురుగా, చుట్టూ తిరిగి వచ్చాడు. ఈసారి ఆయన మోకాలు పటుక్కుమంది. మూడోసారి ముళ్లపొద మీద పడ్డాడు. బాబా కుర్చీలో నవ్వలేక దగ్గుతున్నాడు.

ముళ్లు తీసుకుంటూ చిన్నకొడుకు, పిల్ల ఆగిపోయిన చోటును చాలాసేపు చూశాడు. తర్వాత దాని అడుగుజాడల వెంట నడిచి, గీత దగ్గర నిలబడి, వెనక్కి తన తొలి అడుగుల వైపు చూశాడు.

"జింకకు ఇంత దగ్గరికి నేను ఎప్పుడూ పోలేదు," అన్నాడు బాబాతో. "నా తుపాకికి ఇక్కడిదాకా వచ్చే పని లేదు. ఇంత దగ్గరికి రావాల్సినవాళ్లకు అడవి నిశ్శబ్దంగా ఉన్నప్పుడే వంతు ఇవ్వాలి. ఖలాస్. విల్లు రోజుల్లోనే పోదాం. నేను మీ ఫ్లాస్కు మోస్తాను."

ఓడిపోయాను కదా, వద్దని పిల్ల మొండికేసింది. ఆట గెలవలేదు, కానీ మాట గెలిచావు, నోరు మూసుకో అన్నాడు బాబా. ఆయన మీద నాకు ఆ రోజు వచ్చినంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

ఎండలు తగ్గాక ప్రయాణం కుదిరింది. దానికి ముందు శుక్రవారం నేను నూనె గిన్నె వేడిచేసి పిలిచాను. పిల్ల తలుపు దగ్గరే నిలబడి తల అడ్డంగా ఊపింది. "వద్దక్కా. జింకకు వాసనొచ్చాది," అంది. కోపంగా కాదు, మెల్లగా చెప్పింది. ఆ గిన్నె వంటింట్లో చల్లారిపోయింది. ఎండుజుట్టుతో విమానమెక్కింది. అంత పెద్దది అయిపోయిందని నాకు ఆ రోజే తెలిసింది. కొంచెం ఏడ్చాను కూడా.

వచ్చాక కథ చెప్పింది. రోజుల తరబడి ఏమీ కనబడలేదట. ఆఖరి సాయంత్రం ఒక జింక ఆకులు నములుతూ వాళ్ల ముందుకే వచ్చిందట. నమిలే చప్పుడు కూడా వినబడుతోందట. పిల్ల విల్లు లాగింది. అంతలో పక్కనున్న బాబా, చిన్నపిల్లాడిలా, "మాషాల్లా!" అని పైకి అనేశాడట. జింక ఒక్క గెంతు, మాయం.

"తిట్టలేదా?" అన్నాను.

"ఎట్ల తిట్టేది? ఇన్నేళ్లు తుపాకితో తిరిగినా దాని కనురెప్పలు ఎప్పుడూ సూళ్లేదంట తాత."

ఆ మాట చెప్పి నా ముందు నేల మీద కూర్చుంది. జుట్టు విప్పి వీపు నా వైపు తిప్పింది.

"ఈపొద్దు యా జింకా రాదులే," అంది. "బాగా బెట్టక్కా."