సవరయ్య తెచ్చిన సముద్రం

దమ్మపేట చుట్టుపక్కల సవరయ్య మేస్త్రీ కట్టిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. పేరొచ్చింది మాత్రం సమాధులతో. "సవరయ్యతో ఇల్లు కట్టించుకుంటే ఏదో ఒక తలుపు బిగుసుకుంటది. సమాధి కట్టించుకుంటే ఇంక ఏ ఫిర్యాదూ ఉండదు" అని చర్చి ముందు మగవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. వాళ్ళతో పాటు ఆయనా నవ్వేవాడు. సమాధుల తోటలో సగానికి పైగా ఆయన చేతివే. తన అమ్మానాన్నలవి కూడా ఆయనే కట్టాడు. అప్పటికి తమ్ముడు జస్టిన్ ఇటుక అందించే వయసు వాడు కూడా కాదు. పక్కనే ఇసుక కుప్ప మీద కూర్చుని ఇసుక నోట్లో పెట్టుకుంటున్నాడు.

ఆ పిల్లాడిని పెంచింది సవరయ్య భార్య జోజమ్మ. పెళ్ళయి వచ్చిన ఏడాదే మరిదిని చంకకెత్తుకుంది. తర్వాత తనకు పిల్లలు పుట్టలేదు. పుట్టలేదని ఎవరైనా జాలి పడబోతే ఊరుకునేది కాదు. "మా జస్టిన్‌గాడు మీ కండ్లకు ఆనుత లేడా?" అని మీదికి పోయేది. వదిన తల్లితో సమానం అంటారు. వీళ్ళిద్దరి విషయంలో ఆ 'సమానం' అన్న మాట దండగ.

జస్టిన్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. కాకినాడ పోయి, అక్కడి నుంచి సరుకు ఓడ ఎక్కాడు. అడవి అంచున పుట్టి పెరిగిన జోజమ్మ సముద్రం ఎన్నడూ చూసింది కాదు. ఓడ మీద నుంచి ఫోన్‌లో చూపించేవాడు. "ఫోన్‌ల ఏం కనబడతది వదినా, ఈసారొచ్చినప్పుడు తోలుకపోయి చూపిస్త" అనేవాడు. ఆ ఈసారి రాలేదు. ఒక వానాకాలంలో, తుఫాను గాలిలో, ఓడ పైన ఏదో బిగించబోయి కెరటానికి కొట్టుకుపోయాడు. వెతికామన్నారు, దొరకలేదన్నారు. ఓడ వాళ్ళ ఫోన్ అంతటితో ఆగిపోయింది. సవరయ్యకు కంట్లో చుక్క రాలేదు. రాయి పనివాడు రాయే అయిపోయాడని జనం అనుకున్నారు.

శవం లేకపోయినా పేరు మీద సమాధి కట్టుకోవచ్చని ఫాదర్ గారు చెప్పారు. సవరయ్య ఇటుకలు దింపించాడు. జోజమ్మ వెళ్ళి ఆ ఇటుకల మీద కూర్చుంది.

"లోపల మనిషి లేకుండ సమాధేందయ్యా? ఏం పెడతవు అండ్ల? గాలి పెడతవా?"

ఇటుకలు పెరట్లోనే ఉండిపోయాయి. నవంబర్‌లో ఆత్మల పండుగ వచ్చింది. ఆ పండుగకు ముందురోజు ఊళ్ళోని క్రైస్తవులంతా సమాధుల తోటకు పోయి గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెడతారు. మర్నాడు పూజ అయ్యాక ఎవరి వాళ్ళ దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగిస్తారు. సవరయ్య ఎప్పటిలాగే పది మంది సమాధులకు సున్నం వేసిపెట్టాడు. జోజమ్మ కొంగులో కొవ్వొత్తి పట్టుకుని తోటంతా తిరిగింది. అత్తమామల దగ్గర ఒకటి వెలిగించింది. రెండోది వెలిగించే చోటు దొరక్క ఇంటికి తెచ్చేసింది. దాన్ని బియ్యం డబ్బా వెనక దాచడం సవరయ్య చూశాడు. ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే రంధి. ఆ కొవ్వొత్తికి ఒక చోటు చూపించాలి.

ముందు సముద్రానికే తీసుకుపోదామనుకున్నాడు. కాకినాడ పోదామని బస్సెక్కించాడు. అశ్వారావుపేట స్టాండులో బస్సు ఆగగానే జోజమ్మ సంచీ తీసుకుని దిగిపోయింది. "ఆ ముదనష్టపుదాని మొకం నేను చూడ" అని అక్కడే బెంచీ మీద కూర్చుంది. ఇద్దరూ తిరుగు బస్సులో వచ్చేశారు.

తర్వాత వేసవిలో సవరయ్య ఖమ్మంలో ఒక చేపల తొట్ల షాపుకు బండలు వేయడానికి పోయాడు. షాపు నడిపే అమ్మాయి పేరు భాను. ఓ మూల చిన్న గాజు తొట్టిలో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేప ఒకటి ఈదుతోంది.

"అది మంచినీళ్ళ చేప కాదు మేస్త్రీ. సముద్రపుది. అండ్ల ఉన్నయి కూడ సముద్రం నీళ్ళ లెక్కనే" అంది భాను.

సవరయ్య తాపీ కింద పెట్టేశాడు. "ఖమ్మంల సముద్రమా? మా దమ్మపేటల ఉంటదా?"

"ఎందుకుండదు? ఓపికుండాలె. దీనికి వేరే ఉప్పొస్తది, వంటుప్పు కాదు. నీళ్ళు కలిపి, రాళ్ళేసి, మోటరు పెట్టి, చేప లేకుండ వారాలకు వారాలు ఒట్టిగనే తిప్పాలె. రాళ్ళకు కంటికి కనబడని జీవం పడతది. చేప మురికిని అదే తింటది. జల్దీ చేసి చేపనేస్తే చచ్చిపోతది."

సవరయ్యకు ఇది చప్పున అర్థమైంది. కొత్త గోడకు రోజూ నీళ్ళు కొట్టి ఆరనివ్వకుండా కాస్తాం కదా, ఇదీ అంతే. ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది భాను. నీళ్ళు ఎండకు తగ్గితే మంచినీళ్ళే పోయాలి, ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఉప్పు కాదు. రాళ్ళు పాకురు పట్టి ఎంత మురికిగా కనబడినా తోమకూడదు. సవరయ్య బుద్ధిగా తలూపాడు.

వానలు పడ్డాక తొట్టి ఇంటికొచ్చింది. జస్టిన్ పడుకునే గదిలో, కిటికీ పక్కన, మట్టం పెట్టి చూసి మరీ దిమ్మె కట్టాడు. బకెట్‌లో ఉప్పు కలిపి, సాంద్రత చూసే గాజు గొట్టం వేసి, చాలక మళ్ళీ కలిపి, ఎక్కువై మళ్ళీ నీళ్ళు పోసి, మొదటి రోజంతా దానికే సరిపోయింది. సిమెంటు పాళ్ళు కళ్ళు మూసుకుని చెప్పే మనిషి ఉప్పు దగ్గర చిన్నపిల్లాడైపోయాడు. జోజమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అదేమిటో చెప్పగానే గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఆ గది ఊడవడమే మానేసింది.

కరెంటు పోయినప్పుడల్లా సవరయ్య గ్లాసుతో నీళ్ళు తోడి పైనుంచి పోస్తూ కూర్చునేవాడు, రాళ్ళకు పట్టిన జీవానికి గాలి అందాలని. ఒక మధ్యాహ్నం అలా పోస్తుంటే జోజమ్మ వచ్చి పక్కన నిలబడింది. వేలు నీళ్ళలో ముంచి నాలుక మీద పెట్టుకుంది. మొహం ముడుచుకుపోయింది.

"గింత ఉప్పగుంటదా?"

"అవ్."

"గిదేనా... వాని గొంతుల పోయింది?"

సవరయ్య గ్లాసు ఆపలేదు. మర్నాడు జోజమ్మ గది ఊడ్చింది.

నీళ్ళు కుదిరాయని ఫోన్‌లో భాను ఒప్పుకున్నాకే పట్టీల చేప వచ్చింది. వేలెడంత లేదు, ఇల్లంతా దానిదే అయింది. జోజమ్మ దానికి పేరు పెట్టలేదు, మరిది పేరు అసలే పెట్టలేదు. "పట్టీలోడు తిన్నడా?" అని మాత్రం రోజూ అడిగేది. కొన్నాళ్ళకు అడగడం మానేసి తనే మేత వేసింది. ఆమె నీడ పడితే చేప గాజు దగ్గరికి వచ్చేది. ఒక్కోసారి గడప మీద కూర్చుని పల్లీలు ఒలుస్తూ దానితో గొణిగేది. "కింద చల్లగుంటదారా? కింద చేపలు మంచియేనా, కరుస్తయా?" వంటింట్లో ఉన్న సవరయ్యకు ఆ మాటలు వినబడేవి. ఏడాది పైన అయింది ఆమె నోట ఇన్ని మాటలు విని.

అక్టోబర్ చివర్లో ఆమే అంది. "ఆత్మల పండుగకు కొవ్వొత్తి ఈడ ముట్టిస్త."

సవరయ్య బయటికి పోయి పెరట్లో ఊరికే అటూ ఇటూ తిరిగాడు. ఇన్ని సమాధులు కట్టి ఎన్నడూ అంత సంబరపడలేదు.

పండుగ ముందురోజు పొద్దున్నే తోటకు పోయి అందరి సమాధులకూ సున్నం వేశాడు. తోటంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. బకెట్ అడుగున ఇంకొంచెం సున్నం మిగిలింది. ఇంటికొచ్చి చూస్తే తొట్టిలో రాళ్ళు ముదురు గోధుమ రంగు పాకురు పట్టి ఉన్నాయి. ఊరందరి వాళ్ళవీ మెరుస్తుంటే తన తమ్ముడి రాళ్ళే ఇలా ఉన్నాయా అని ఆయనకు తల కొట్టేసినట్టయింది. తోమొద్దంది భాను. తోమలేదు, పూశాడు. ఆల్చిప్పలు కాల్చితేనే గదా మంచి సున్నం వచ్చేది, అదీ సముద్రపు సరుకే కదా అనుకున్నాడు. పైనున్న రాళ్ళు బయటికి తీసి, బ్రష్‌తో రెండు పూతలు వేసి, ఎండలో పెట్టాడు. మర్నాడు సాయంత్రం దాకా బాగా ఆరనిచ్చి, జోజమ్మ పూజ నుంచి వచ్చేలోగా నీళ్ళలో పేర్చాడు. నీళ్ళు కాస్త పాలిపోయాయి. తేటపడతాయిలే అనుకున్నాడు.

జోజమ్మ తల మీద కొంగు తీయకుండానే గదిలోకి వచ్చింది. తెల్లటి రాళ్ళను చూసి ఆగిపోయింది.

"ఎంత మంచిగ చేసినవయ్యా" అంది.

బియ్యం డబ్బా వెనకున్న పాత కొవ్వొత్తే తెచ్చి దిమ్మె మీద వెలిగించింది. మోకాళ్ళ మీద కూర్చుంది. చనిపోయినవాళ్ళకు నిత్య విశ్రాంతి ఇమ్మని చేసే ప్రార్థన అందుకుంది. జస్టిన్ పేరు కూడా పలికింది. పోయినవాళ్ళ వరుసలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. సవరయ్య తల వంచుకుని ఆమేన్ అన్నాడు. తల ఎత్తేసరికి చేప పైకి తేలి వస్తోంది.

నోరు తెరిచి మూస్తోంది. ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకుని, మళ్ళీ ఒరిగింది. సవరయ్య రెండు చేతులూ నీళ్ళలో పెట్టి రాళ్ళు లాగి బయట పడేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. భానుకు ఫోన్ చేశాడు. "సున్నం పెట్టినవా? అయ్యో మేస్త్రీ, నీళ్ళు ఘాటెక్కిపోయింటయి" అంది ఆ పిల్ల. అప్పటికే చేప కదలడం లేదు. కొవ్వొత్తి ఇంకా సగం కూడా కాలలేదు.

"నేనే" అన్నాడు సవరయ్య. "నేనే సంపిన జోజమ్మా. అందరివి తెల్లగున్నయి గదా అని..."

"నీళ్ళల్ల ఉన్నోనికి సున్నమెందుకయ్యా?" అంది జోజమ్మ. తిట్టినట్టు లేదు, నిజంగా అడిగినట్టే ఉంది.

ఆమె లేచి చేపను అరచేతిలోకి తీసుకుంది. పెట్టె తెరిచి జస్టిన్ పూజకు వేసుకునే చొక్కా బయటికి తీసి, దాని జేబులో చేపను పెట్టి, చొక్కాను చిన్నగా మడిచింది.

"ఇటుకలు ఇంక ఉన్నయా?"

"ఉన్నయి."

"రేపు కట్టు. పెట్టనీకి ఏదో ఒకటి దొరికింది గదా."

జోజమ్మ తొట్టి వైపు చూపించింది. "సిమెంటు మాలు గీ నీళ్ళతోనే కలుపు. పారబొయ్యకు."

"ఉప్పునీళ్ళతో కడితే నిలవదే. ఉప్పు పూస్తది. పెచ్చులూడిపోతది."

"ఊడనీ. ఏటేటా పొయ్యి సున్నం పెట్టు. నీకు పెట్టాలెనని ఉన్నది గదా."

మర్నాడు తోటలో అమ్మానాన్నల పక్కన కట్టాడు. ఫాదర్ గారు పేరు చదివి పవిత్ర జలం చల్లారు, లోపల ఏం పెట్టారని అడగలేదు. చెయ్యి తిరిగిన మేస్త్రీ నిలవదని తెలిసి తెలిసి ఒక కట్టడం కట్టడం ఊళ్ళో వాళ్ళకు అర్థం కాలేదు. దుఃఖంలో పాళ్ళు తప్పాడనుకున్నారు.

వేసవి రాకముందే గోడ మీద తెల్లగా ఉప్పు పూసింది. ఒక ఆదివారం పూజ అయ్యాక ఇద్దరూ పోయారు. జోజమ్మ ఆ ఉప్పు వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"అవ్, గదే" అంది.

సవరయ్య సున్నం బకెట్ కింద పెట్టాడు. పెచ్చు ఊడిన చోట చెయ్యి ఆనించి, సమాధుల తోటలో అందరూ చూస్తుండగా, తమ్ముడి కోసం మొదటిసారి ఏడ్చాడు.