పిస్టనుకు కట్టిన నారతాడు

నా నోటి దురుసు భరించలేక విజయనగరంలో పాత మోటారు సామాన్ల వ్యాపారి కావాలనే తప్పుడు పిస్టను అంటగట్టాడనీ, అందుకే మా మిషన్ మోటారు కారు మళ్ళీ కొండ ఎక్కలేదనీ మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి మెట్ల మీద నిలబడి చెప్పుకోవడానికి కథ బాగానే ఉంది. నిజం మాత్రం కాదు. నా నోరు చేసిన నిర్వాకాలు చాలానే ఉన్నాయి. చెయ్యనివి కూడా దాని మీద వేస్తే ఊరుకోను.

అప్పుడు నేను హుకుంపేట దగ్గర మిషన్ బడిలో పంతులమ్మను. మద్రాసులో బి.ఏ. చదివి ఆ కొండల్లోకి వెళ్ళినదాన్ని. సాయంత్రం పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయాక నాతో వాదించడానికి మనిషి ఉండేది కాదు. వాదన లేకపోతే నాకు అన్నం సయించదు. కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం స్నేహితురాలు విజయనగరంలో నర్సుగా ఉండేది. మా దగ్గర మందుల గది నర్సు లేక ఖాళీగా ఉంది, వచ్చి నాతో ఉండవే అన్నాను. ఆమెకు ఒక కాలు అవిటి. మా ఘాటీ కొండదారి నడిచి ఎక్కలేదు. డోలీ పంపుతానంటే మండిపడింది.

"ప్రాణం ఉండగా నలుగురి భుజాల మీద ఊరేగనే! మోటారు పంపితే వస్తాను. వానలు పట్టేలోపు పంపలేదో, సముద్రం వైపు ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారు, అక్కడికి పోతాను."

మోటారు ఉంది, మునుపటి మిషన్ దొర వదిలి వెళ్ళినది. కాని దాని పిస్టన్లలో ఒకటి ముక్కలైపోయింది. కొత్తది దొరల సీమ నుంచి ఓడలో రావాలి. కింద జమీందార్ల పాత మోటార్లను ఊడదీసి అమ్మే వ్యాపారి ఒకడున్నాడని మా డ్రైవరు చెప్పాడు. ఈ డ్రైవరు కొండమనిషే, నా ఈడువాడు, దొర దగ్గర పని నేర్చుకున్నాడు. బాగున్న పిస్టను ఒకటి తీసివ్వు, పక్కన పెట్టి పోల్చి కొంటాను అన్నాను.

"ఉన్నది కూడా లోయలో పడిపోతే ఏటి సేత్తారమ్మగారూ?"

"నేను పడితే ఫరవాలేదు కాబోలు!"

"మీరైతే అరిసి పిలుత్తారు. అది పిలవదు కదా."

బాగున్న పిస్టను చుట్టూ అడ్డతీగ నారతో పేనిన సన్నని తాడు తిప్పి, బిగించి ముడి వేసి, ఆ చుట్టు నా చేతికిచ్చాడు. పశువు మెడకైనా ధాన్యం గాదెకైనా అక్కడ కొలత అదే. విరిగిన పిస్టనులో అడ్డంగా దూరే ఇనుప కడ్డీ కూడా తీసుకుని ఎద్దుబండిలో బయలుదేరాను. బొర్రా దాటాక వాన కొట్టింది. సంచీతో సహా తడిసి ముద్దయ్యాను.

"అన్ని మోటార్లకీ ఒకటేనమ్మా, పట్టుకెళ్ళండి" అన్నాడు వ్యాపారి.

"అందరి కాళ్ళకీ ఒకటే చెప్పు పడుతుందా?"

గుట్టలో ఉన్నవన్నీ బయటికి తీయించాను. కడ్డీ కొన్నిటిలో దూరలేదు, కొన్నిటిలో లొడలొడలాడింది. సరిపోయిన వాటికి తాడు తొడిగి చూశాను. ఒకదానికి అచ్చంగా కూర్చుంది. "అనుమానమైతే ఇంకాస్త పెద్దది కూడా తీసుకెళ్ళండి, పట్టనిది తిప్పి పంపండి" అని అతనే అన్నాడు. తాడు దానికి ఎక్కలేదు. ఎక్కనిది నాకెందుకు? మోసం చేసేవాడి మాటలా ఇవి?

స్నేహితురాలి గదికి వెళ్ళి చూపించాను. ఆ ఇనుప ముక్కను ఒళ్ళో పెట్టుకుని, "మనం కలిసి ఉండటం దీని చేతిలో ఉందన్నమాట" అని నవ్వింది. మంచం కిందనుంచి పెట్టె లాగి దుమ్ము తుడిచింది.

డ్రైవరు పిస్టను బిగించాడు. బడి ముందు చదునులో మోటారు బాగానే నడిచింది. మొదటి ఎత్తు రాగానే నీలం పొగ కక్కి, టకటక కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ విప్పాం. ఈసరికి ఆరిపోయిన తాడు కొత్త పిస్టనుకు తొడిగితే వదులుగా కిందికి జారిపోయింది.

"తడిసిందేటమ్మా తాడు?"

"అంత వానలో తడవదా మరి!"

"తడిస్తే బిగుసుకుపోద్ది. అందుకే ఆవు మెడకైతే యేలు దూరేలాగ వొదులుగా కడతాం."

"మరి దీనికెందుకు కట్టలేదయ్యా?"

"ఇది ఆవేటమ్మగారూ? మోటారు. దొరలది. అచ్చుగా ఉండాల అనుకున్నాను."

తిడదామని నోరు తెరిచాను. ఆ ముఖం చూసి మూసేశాను. మావాళ్ళు ఈ సంగతి మాత్రం చెప్పుకోరు.

ఇంకొకటి తెచ్చేలోపే వానలు పట్టి దారి తెగింది. మోటారు రాదన్న కబురు పట్టుకుని డ్రైవరు కాలినడకన కిందికి వెళ్ళి వచ్చాడు. గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఏమంది?"

"'అలాగా' అన్నారు."

"అంతేనా?"

"తాగడానికి నీల్లిచ్చారు."

"ముఖం ఎలా పెట్టింది?"

"నాను నీల్లు తాగుతన్నానమ్మగారూ. సూడనేదు."

ఆమె సముద్రం వైపు వెళ్ళిపోయింది. అప్పుడప్పుడూ ఉత్తరాలు వచ్చేవి. అలల గురించి, రోగుల గురించి, ఉప్పుగాలికి తుప్పు పడుతున్న కత్తెరల గురించి రాసేది. కొండ సంగతి ఎత్తేది కాదు. ఆమె కోసం వేయించిన మంచం మీద నేను బడిపిల్లల పలకలు ఆరబెట్టుకునేదాన్ని. ఎవర్నైనా ఏదైనా నిలదీసి అడగగలదాన్ని, ఆమెను మాత్రం అడగలేకపోయాను. మోటారు రాదని తెలిసి 'అలాగా' అన్నప్పుడు ఆమెకు బాధేసిందా, బరువు దిగినట్టయిందా?