సమ్మె భోజనాలు

ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "ఇంతకీ ఆ హాకీ గొడవలో తప్పెవరిదండీ? ఓనర్లదా, ఆడపిల్లలదా?" అని. చేతిలో పళ్ళెం పట్టుకుని, గారె కొరుక్కుంటూ, క్రికెట్ స్కోరు అడిగినంత తేలిగ్గా అడుగుతారు. నేను నవ్వేసి ఊరుకుంటాను. ఊరుకోవడం నా స్వభావం కాదని మా ఆయనకి బాగా తెలుసు కాబట్టి వెంటనే మాట మార్చేస్తారు.

నా దగ్గర జవాబు లేక కాదు. గారె అయిపోయేలోపు చెప్పే జవాబు కాదది.

మా అమ్మాయి హాకీలో గోల్‌కీపరు. సిడ్నీలోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. చిన్నప్పుడు స్కూల్లో పరిగెత్తడానికి అందరూ ముందుకొచ్చారట గానీ, బంతికి ఎదురు నిలబడటానికి ఎవరూ రాలేదట. ఇది చెయ్యెత్తింది. అప్పట్నుంచి మా కారు డిక్కీ దాని ప్యాడ్లకీ, హెల్మెట్టుకీ, ఆ చెమట కంపుకీ రాసిచ్చేశాం. నేను కౌన్సిల్ ఆఫీసు కౌంటరులో పనిచేస్తాను. చెత్తబుట్టలు ఎత్తలేదనీ, పక్కింటి చెట్టు మా గోడ మీదికొచ్చిందనీ అరుస్తూ వచ్చేవాళ్ళకి రోజంతా ఇంగ్లీషులో సర్దిచెప్పడమే నా ఉద్యోగం. శనివారమన్నా కాళ్ళు చాపుకుందామంటే ఈ పిల్ల ఆటలు. ఎండలో గొడుగేసుకుని, చలిలో దుప్పటి కప్పుకుని ఎన్ని గ్రౌండ్ల గట్ల మీద కూర్చున్నానో నాకే గుర్తులేదు.

చివరికి జీతమిచ్చి ఆడించే లీగులో ఒక జట్టు దాన్ని తీసుకుంది. యూనివర్సిటీ చదువు పార్ట్‌టైముకి మార్చుకుంది. పెద్ద కీపరు రిటైరవుతోందనీ, రాబోయే సీజన్ నుంచి గోల్ దానిదేననీ కోచ్ చెప్పాడు. ఇల్లంతా గెంతింది. సీజన్ ఇంకా మొదలుకాకుండానే, ప్రాక్టీసులో పక్కకి దూకబోయి మోకాలు మెలిపడింది. లిగమెంట్ తెగిందన్నారు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మ్యాచిలో దెబ్బ తగిలితే జట్టు చూసుకుంటుందట, ప్రాక్టీసులో తగిలితే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు వాళ్ళకుందట. క్లబ్బు మేనేజరు ఫోన్‌లో ఎంతో మర్యాదగా చెప్పాడు. "ప్రాక్టీసుకి మీరు రమ్మంటేనే కదండీ వచ్చింది?" అన్నాను. దానికి అతను చాలా విచారిస్తున్నానన్నాడు. మా కౌంటరులో నేనూ రోజూ అదే మాట అంటాను. దాని విలువెంతో నాకు తెలుసు.

ఆ సాయంత్రమే జట్టు కెప్టెన్ మా ఇంటికొచ్చింది. లోపలి ఊళ్ళలో గోధుమలు పండించేవాళ్ళ పిల్ల. పొడుగ్గా, ఎండకి కమిలిన ముఖంతో ఉంటుంది. మా అమ్మాయి కాలు దిండు మీద పెట్టుకుని సోఫాలో పడుకునుంటే కింద కార్పెట్ మీద కూర్చుంది. మా అమ్మాయిని చూసి నేర్చుకుందేమో, నన్ను ఆంటీ అని పిలిచేది. "తను లేకుండా మేమెవరమూ మళ్ళీ గ్రౌండులోకి దిగం, ఆంటీ," అంది ఇంగ్లీషులో. నేను అడక్కుండానే అంది. ఆ మాట నా కడుపులో చల్లగా పడింది.

మర్నాడు జట్టంతా ప్రాక్టీసు మానేసింది. ఆ మర్నాడు ఓనర్లు గ్రౌండు గేట్లకి తాళాలు వేశారు. ఇక టీవీలో మొదలైంది గోల. ఆటగాళ్ళే మానేశారని వాళ్ళు, ఓనర్లే తాళం వేశారని వీళ్ళు. డ్రెస్సింగ్ రూము కూడా తాళంలోనే ఉండటంతో వీళ్ళు కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు లేకుండా పోయింది. మా అమ్మాయి ఎటూ కదల్లేదు కాబట్టి, సిడ్నీ శివార్లలో, స్కోఫీల్డ్స్‌లో ఉన్న మా ఇంట్లోనే కలుద్దామంది కెప్టెన్.

గరాజ్‌లోంచి కారు తీసి బయట పెట్టాం. బియ్యం బస్తాలు ఒక మూలకి జరిపి, వినాయక చవితికి పరిచే చాపలూ, మడత కుర్చీలూ వేశాం. ఆఫీసు నుంచి రాగానే నేను వంటకి దిగేదాన్ని. మా అమ్మాయి "మమ్, దే కెన్ ఆర్డర్ పిజ్జా" అంటూనే ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళు, అందులోనూ నా కూతురి కోసం పని మానుకున్నవాళ్ళు, పిజ్జా తిని పోతారా? మా గుంటూరువాళ్ళ ఇళ్ళల్లో అలాంటిది ఉండదు. ఇడ్లీ, కొబ్బరి పచ్చడి, టొమాటో పప్పు, బంగాళాదుంప వేపుడు. కారం తగ్గించి చేద్దామనుకుంటూనే అలవాటుగా వేసేసేదాన్ని. కెప్టెన్ మొదటిరోజు ఆవకాయ కలుపుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రెండోరోజు వంటింట్లోకొచ్చి ఆ ఎర్రదే కావాలని అడిగింది. ఆ తర్వాత తనే వచ్చి నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగేది. చేత్తో కలుపుకుని తినడం నేర్చుకుంది. అరచెయ్యంతా పూసుకునేది గానీ, ఇష్టంగా తినేది.

ఆదివారం మా అంకుల్ వచ్చారు. బంధువు కాదు. మేమీ దేశానికి వచ్చినప్పటి నుంచీ పెద్దదిక్కుగా ఉన్న రిటైర్డ్ డాక్టరు. గరాజ్‌లోకి తొంగిచూసి, "ఏవమ్మా, సమ్మె చేసేవాళ్ళకి అన్నదానం పెట్టావా?" అన్నారు.

టీ తాగుతూ మా ఆయనకీ ఆయనకీ వాదన పడింది. "ఆడ్డానికి జీతం తీసుకుని ఆటాపితే ఎలాగయ్యా? ఆపినవాళ్ళదే తప్పు," అన్నారు అంకుల్.

"కాలు విరిగితే బయటికి తోసేవాళ్ళది కాదా అంకుల్ తప్పు?" అన్నారు మా ఆయన.

"అదీ తప్పేలే. కానీ ఇద్దరికీ సీజను కావాలి. కడుపు కాలితే ఇద్దరూ ఒకటవుతారు, చూస్తూ ఉండు." వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నాతో నెమ్మదిగా అన్నారు. "చివరికి ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారమ్మా. నువ్వు మరీ అంత నమ్మకం పెట్టేసుకోకు."

నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళు మా ఇంట్లో అన్నం తిన్నారు అంకుల్," అన్నాను.

ఆయన వంగి బూట్లు వేసుకున్నారు. ఆయనా మన దేశంలో పుట్టినవాడే. ఉప్పు తిన్న విశ్వాసం అంటే ఏమిటో తెలిసినవాడే. కానీ ఉప్పుకి ఆ బరువు మన దగ్గరే ఉంటుందని ఆయనకి తెలిసింది, నాకు తెలియలేదు.

ఒక శుక్రవారం గుత్తి వంకాయ, పులిహోర, సేమ్యా పాయసం చేశాను. ఆరోజు గరాజ్‌లో చప్పుడు తక్కువగా ఉంది. పాపం అలిసిపోయారనుకుని ఇంకాస్త కొసరి వడ్డించాను. కెప్టెన్ మా అమ్మాయి పక్కనే చాప మీద కూర్చుంది. మా అమ్మాయి ఏదో జోకు వేసి అదే నవ్వింది. వెళ్ళేటప్పుడు కెప్టెన్ నన్ను కావలించుకుని చాలాసేపు వదల్లేదు. రానివాళ్ళ కోసం స్టీలు క్యారేజీ నింపి చేతికిచ్చాను.

శనివారం పొద్దున్న మా అమ్మాయి ఫోన్‌లో వార్త చదివింది. సమ్మె అయిపోయింది. ప్రాక్టీసులో దెబ్బ తగిలినా ఇకమీదట జట్టు తీసెయ్యకూడదు, వైద్యం చేయించాలి. అయితే ఇప్పుడు జట్టులో ఉన్నవాళ్ళకీ, ఇకముందు చేరేవాళ్ళకీ మాత్రమే. ఇప్పటికే తీసేసినవాళ్ళకి వర్తించదు. తీసేసినవాళ్ళంటే ఎవరు? మా అమ్మాయి ఒక్కతే.

"ఇట్స్ ఎ గుడ్ డీల్, మమ్," అంది ఫోన్ బోర్లా పెట్టి.

"అందులో నీకేముందే?"

"ఇట్స్ గుడ్ ఫర్ ద గర్ల్స్."

ఆటగాళ్ళంతా దానికి మోకాలి నిబంధన అని పేరు పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. ఎవరి మోకాలో ఎవరూ చెప్పుకోలేదు. ఏరు దాటాక తెప్ప తగలేశారని నేను అరిచాను. మా ఆయన అలా అనకు, పిల్ల వింటుందన్నారు. పిల్ల వింది. విని కూడా నాతోనే పోట్లాడింది. కెప్టెన్ చివరి నిమిషం దాకా తన కోసం కొట్లాడే ఉంటుందట, ఆ రాత్రికి రాత్రే ఏదో జరిగి ఉంటుందట, తనకి వేరే దారి ఉండి ఉండదట. "షీ వుడ్ హావ్ టోల్డ్ మీ, మమ్," అనేది. నన్ను అడక్కుండా సంతకం పెట్టదు, పెట్టాల్సి వస్తే ముందు నాకు చెప్పేది అని. ఆ ఒక్క నమ్మకం పట్టుకునే ఎక్సర్‌సైజులు చేసేది. బ్రిస్బేన్ వైపు నుంచి కొత్త కీపర్ని తెచ్చుకున్నారని తెలిసినప్పుడు కూడా ఏడవలేదు. ఫోన్ మోగితే మాత్రం ముందు పేరు చూసేది.

అంకుల్ మళ్ళీ వచ్చారు గానీ, నే చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఎవరి మీదో ఒకరి మీద అరిచేదాన్ని.

సీజన్ మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే కెప్టెన్, చేతిలో నా క్యారేజీ. అందుకోగానే తేలిగ్గా వచ్చేసింది చేతిలోకి. శుభ్రంగా తోమింది, సబ్బు వాసన వస్తోంది. మనలో గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారన్నా వేసిస్తారు. ఆ పిల్లకి అది తెలియదు, తెలియాలని అనుకోవడం కూడా న్యాయం కాదు. అయినా నా చెయ్యి ఆ బరువు కోసం చూసింది.

లోపలికి రమ్మనలేదు. నా జీవితంలో గుమ్మంలోకొచ్చిన మనిషిని లోపలికి పిలవకపోవడం అదే మొదలు.

"క్షమించండి ఆంటీ," అంది. "ఆ శుక్రవారం రావాలని నాకు లేదు. కానీ మీరు అంత వండి ఉంటారు, రాకపోతే బాగుండదని వచ్చాం."

"రావడానికేమైంది?"

తెల్లబోయి చూసింది. నాకు ఈపాటికి తెలిసే ఉంటుందనుకుంది. "సంతకాలు ఆ ఆర్వోనే అయిపోయాయి. ప్రకటించేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఆర్వో అంటే ఇక్కడివాళ్ళ మాటలో మధ్యాహ్నం. అంటే ఆ మధ్యాహ్నం సంతకం పెట్టి, రాత్రి వచ్చి తిన్నారు. అందరూ. నేను కొసరి కొసరి వడ్డిస్తుంటే తలలు వంచుకుని తిన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని మన భాషలో ఉంది గానీ, ఇంగ్లీషులో దాన్నేమనాలో నాకు తోచలేదు. "నువ్వు దాని పక్కన కూర్చున్నావు," అన్నాను. "అది జోకు వేస్తే విన్నావు."

ఆ పిల్ల ఏడ్చింది. దొంగేడుపు కాదు. నిజంగానే ఏడ్చింది. నేను తలుపు వేసేశాను.

తప్పెవరిదని అడుగుతారే, ఇదీ నా జవాబు. ఓనర్లది తప్పే. వాళ్ళు నా కూతుర్ని తోసేస్తారని నాకు మొదటి ఫోన్‌లోనే తెలుసు. వాళ్ళెప్పుడూ నా గుమ్మం తొక్కలేదు, నా చేతి ముద్ద తినలేదు. నేను తలుపు తీసింది వీళ్ళకి. న్యాయం ఎలా తేలినా, నా మనసు విరిగింది వీళ్ళ దగ్గరే.

వెనక్కి తిరిగితే మా అమ్మాయి నడవాలో నిలబడి ఉంది, గోడకి చెయ్యి ఆనించుకుని. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"మమ్, విచ్ ఆర్వో?"

ఇన్ని వారాలుగా ఆ కెప్టెన్ మంచిది కాదని దాని చేత ఒప్పించాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఇప్పుడు ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది. దాని ముఖం చూశాను.

"ఏమోనే," అన్నాను. "ఆ పిల్ల ఇంగ్లీషు నాకు సరిగ్గా అర్థం కాలేదు."

రోజంతా ఇంగ్లీషులో జనానికి సర్దిచెప్పే తల్లి అన్న ఆ మాట విని, అది నా చేతిలో ఉన్న క్యారేజీ వైపు చూసింది. "ఓకే, మమ్," అంది. ఇక ఆరోజు నుంచి ఫోన్ మోగితే పేరు చూడటం మానేసింది.