సిస్టరమ్మ వేలు ఆగిన చోట

డెలానీపూర్‌లో ఉండే మా ఆస్పత్రి నర్సు సిస్టరమ్మ మొన్న ఆదివారం పొద్దున పోయింది. చర్చిలో పాస్టరుగారు ఆ కబురు చెప్పి, ముప్పై ఏళ్ళు మన ఆడవాళ్ళకు పురుళ్ళు పోసిన చెయ్యి అని మెచ్చుకున్నారట. అందులో చివరి పదేళ్ళు ఆ చెయ్యి ఏ కడుపునూ తాకలేదని మాత్రం ఆయన చెప్పలేదు. అసలు ఎందుకో పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కతెనే.

ఆవిడది మెత్తని నోరు కాదు. మందు మింగనని మారాం చేసినదాన్ని ఒక్కటి అంటించి, తర్వాత తన టిఫిను తెచ్చి పెట్టేది. ఆపరేషను అయిన కడుపు మళ్ళీ పండి వస్తే మాత్రం నెమ్మదించేది. అప్పటికి ఆస్పత్రికి స్కానింగు మిషను కొత్త. డాక్టరు తెర మీద పాత కోత మచ్చ మందం కొలిచేవాడు. ఈవిడ మచ్చ వెంట వేలితో నొక్కుకుంటూ పోయి, దగ్గమని, నొప్పెక్కడో అడిగేది.

"మిషను మందం సూత్తాది, నా ఏలు నొప్పి సూత్తాది. ఎలా మానిందో ఆడమనిషి నోరే సెప్పాల," అనేది.

నా మొదటి కాన్పు ఆపరేషనే. పన్నెండో రోజున చేపల గంప ఎత్తాను. మా ఇళ్ళలో గంప ఎత్తనిది కూర్చుని తినే కోడలు. కుట్లు విచ్చి, చీము పట్టి, వారం పాటు జ్వరం కాసింది. అత్త పసుపు అద్దిందే గాని ఆస్పత్రికి చెప్పనివ్వలేదు.

రెండోసారి నెలలు నిండాక, ఆస్పత్రికని బాంబూఫ్లాట్ నుంచి చాతం దీవికి వచ్చే పడవలో, ఆ చీము సంగతి ఎత్తితే మళ్ళీ కోస్తారని అత్త హెచ్చరించింది. స్కానింగులో మచ్చ బాగుందన్నారు. సిస్టరమ్మ వేలు మాత్రం ఎడమ కొసన ఆగింది.

"ఇక్కడ సీము గాని పట్టిందేటే? సచ్ బోల్, నిజం సెప్పు."

లేదన్నాను. మళ్ళీ అడిగింది. అత్త బయట వరండాలో ఉంది, గదిలో మేమిద్దరమే. మూడోసారీ లేదనే అన్నాను. కత్తంటే భయం, అంతకు మించి ఏమీ లేదు. ఆవిడ కాసేపు నా మొహం చూసి, మామూలు కాన్పే కానిద్దామని డాక్టరుతో చెప్పింది.

నొప్పులు మొదలైన నాలుగు గంటలకు లోపలి మచ్చ చిట్లింది. మగపిల్లాడు. ఏడవలేదు. గర్భసంచీ తీసేశారు. నాకు ఎక్కించిన రక్తంలో ఒక సీసా సిస్టరమ్మదే.

"నా ఏలు ఆగింది, నేనాగనేదు," అందట తోటి నర్సులతో. ఇక ఎవరొచ్చినా మిషను దగ్గరికే పంపేది. మిషను ముందు ముసలామె ఓడిపోయిందని కుర్ర నర్సులు నవ్వుకున్నారు. సిస్టరమ్మే నా బిడ్డను పొట్టన పెట్టుకుందని అత్త పేటంతా చాటింది. నేను పక్కనే కూర్చుని కళ్ళొత్తుకున్నాను. ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల వరసలో ఎప్పుడైనా ఎదురుపడితే, ఆవిడే తల దించుకుని వరస వదిలి వెళ్ళిపోయేది. నేను ముందుకు జరిగేదాన్ని.

పోయిన నెల మంచాన పడి ఆవిడే కబురు పంపింది. ఈసారి చెప్పేద్దామనే వెళ్ళాను. మంచం పక్కన ఆవిడ కూతురు ఉంది. నేను నోరు తెరిచేలోగా సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీ బిడ్డ నా సేతిలో పోయాడే అమ్మా. నన్ను మాఫ్ చెయ్యి."

కూతురు నా మొహంలోకి చూస్తోంది.

"మాఫ్ చేసీసాను సిస్టరమ్మా," అన్నాను.

కూతురు నాకు దండం పెట్టింది. సిస్టరమ్మ నా అరచేతిని రెండు కళ్ళకూ అద్దుకుని, దాన్ని వదలకుండా అలాగే నిద్రపోయింది.