అవునా సిస్టర్

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. పిల్లలకీ, తల్లిదండ్రులకీ, చివరికి పోస్ట్‌మాన్‌కి కూడా ఆవిడ అవునా సిస్టరే. మా కాన్వెంట్ బడిలో గబగబా నడిచే పొడుగాటి మనిషి ఎవరంటే ఆవిడే. చాపెల్‌లో అందరికంటే గట్టిగా, అందరికంటే అపశ్రుతిగా పాడేదీ ఆవిడే. కళ్ళజోడు కాడకు ఎప్పుడూ ఒక ప్లాస్టర్ ముక్క చుట్టి ఉండేది.

నేను ఆ బడిలో లెక్కల మాస్టారిని. నా ముక్కు మీద కోపం సంగతి అందరికీ తెలిసిందే. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్ ఒకటి కోసి ఆవిడకిచ్చినప్పుడు ఒంటికాలి మీద లేచాను.

"దేవుడి గురించి మాట్లాడుకోవడానికి నా పీరియడే దొరికిందా సిస్టర్?"

"పిల్లలు పోట్లాడుకోకుండా ఉంటే మిగతా పీరియడ్లలో మీ లెక్కలు బాగా బుర్రకెక్కుతాయి మాస్టారూ" అని నవ్వేశారు. అలా నవ్వే మనిషితో పోట్లాడటం ఎలాగో నాకిప్పటికీ తెలియదు.

ఆ క్లాసులో ఒకటే చట్టం. ఎవరి మతం గురించి వాళ్ళు చెప్పుకోకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళ ఇంట్లో ఏం నమ్ముతారో, ఎందుకు నమ్ముతారో చెప్పాలి. చెప్పడం అయ్యాక సిస్టర్ ఆ పక్క పిల్ల వైపు తిరిగి, తల ఓ పక్కకి వంచి "అవునా?" అనేవారు. ఆ పిల్ల "అవును" అంటేనే వీళ్ళు కూర్చోవాలి. "కాదు" అంటే మళ్ళీ అడిగి తెలుసుకుని మళ్ళీ చెప్పాలి. ఒకసారి మసీదుకెళ్ళే ఇంటి కుర్రాడు చర్చికెళ్ళే పిల్ల తరఫున శిలువ గురించి చెబుతుంటే, సిస్టర్ కిటికీ దగ్గర తల వంచుకుని విన్నారు. నేను వరండాలోంచి చూశాను. పనిగట్టుకుని చూడలేదు, సుద్దముక్కల కోసం అటు వెళ్ళాను.

ఈ చట్టం ఆవిడ ఏ పవిత్ర గ్రంథంలోంచీ తీసుకోలేదు, వాళ్ళమ్మ వంటింట్లోంచి తెచ్చుకున్నారు. ఇంటినిండా పిల్లలు, పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రకాలు. కొట్టుకుని వంటింట్లోకి వస్తే ఆ తల్లి ఎవరి ఫిర్యాదూ వినేది కాదట. "ముందు వాడి బాధేంటో చెప్పు, తర్వాత నీది" అనేదట. అంతవరకూ కంచం ముందుకొచ్చేది కాదు. "ఆకలి మీద ఉన్నప్పుడు ఎదుటివాడి న్యాయం భలే త్వరగా అర్థమవుతుంది మాస్టారూ" అనేవారు సిస్టర్.

అలాంటి క్లాసు ఆగిపోయేంత పనైన రోజు ఒకటి వచ్చింది.

ఎనిమిదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు ఆడపిల్లలుండేవారు. ఒక పిల్ల నాన్న లేత్ మెషీన్ నడిపే మేస్త్రీ, మసీదుకెళ్ళే మనిషి. రెండో పిల్ల నాన్నది కళ్ళజోళ్ళ షాపు, గుడికెళ్ళే కుటుంబం. షాపులు పక్కపక్కనే. కళ్ళజోళ్ళాయన కొత్త బోర్డు పెడితే అది మేస్త్రీ బోర్డుకి అడ్డమొచ్చింది. గొడవ రేకు బోర్డుది. నలుగురి నోళ్ళలో పడి వీధి చివరికి చేరేసరికి అది దేవుళ్ళ గొడవైపోయింది. ఇద్దరికీ మాటలు బందయ్యాయి.

ఒక సాయంత్రం ఇద్దరూ విడివిడిగా బడికొచ్చి, ఆ సిస్టర్ క్లాసు మాకొద్దని, పిల్లలకి టీసీలు ఇచ్చెయ్యమన్నారు. మా కరస్పాండెంట్ ఫాదర్ మంచివారే, కాస్త భయస్థులు. ఇద్దరినీ ఎనిమిదో తరగతి గదిలోనే కూర్చోబెట్టారు. పిల్లల బెంచీల్లో వాళ్ళ మోకాళ్ళు పట్టలేదు. ఆడపిల్లలిద్దరూ బయట వరండాలో ఉన్నారు.

"సిస్టర్, గొడవంతా ఈ పీరియడ్‌తోనే వస్తోంది. ఇవాళ్టితో ఆపేద్దాం" అన్నారు ఫాదర్.

"అలాగే ఫాదర్. వీళ్ళ మాట కూడా ఒకసారి వింటే..."

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "నా మాట నేను చెప్పను సిస్టర్. పక్కవాళ్ళ మాట వాళ్ళు అవుననేలా చెప్పాలంట కదా మీ క్లాసులో? అయితే నాకెందుకు కోపమొచ్చిందో మీరే చెప్పండి."

నాకు లోలోపల కాస్త సరదాగానే అనిపించింది. సిస్టర్ కళ్ళజోడు సర్దుకున్నారు.

"మీ అమ్మాయిని మా మతంలో కలిపేసుకుంటామని మీ భయం. అవునా?"

"కాదు."

"బోర్డు గొడవయ్యాక ఆయన కూతురి పక్కన మీ అమ్మాయి కూర్చోవడం ఇష్టం లేదు. అవునా?"

"కాదు. ఆ పిల్ల మా ఇంట్లో తిరిగిన పిల్ల."

"చదువు వెనకబడుతోందని?"

ఇది మాత్రం అవునే అనుకున్నాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

మూడుసార్లూ పప్పులో కాలేశాక సిస్టర్ ముందు బెంచీ మీద కూలబడ్డారు. "నాకు తెలియడం లేదు. మీరే చెప్పండి" అన్నారు. మేస్త్రీ ఎంత కడిగినా నలుపు వదలని తన చేతుల వైపు చూసుకున్నాడు.

కళ్ళజోళ్ళాయన అద్దాలు తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "నేను చెప్పనా?"

సిస్టర్ చెప్పమన్నట్టు తలూపారు.

"పిల్ల ఇంటికెళ్ళి అడిగుంటుంది. 'నాన్నా, వాళ్ళింట్లో దీపం ఎందుకు పెడతారో నాకు తెలుసు. మరి నువ్వు ప్రార్థనలో అనే మాటలకి అర్థమేంటి?' అని. ఈయనకి తెలీదు. చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోతే ఆ మెషీన్ దగ్గర నిలబడ్డాడు. ఇంకెవరు చెప్తారు ఈయనకి? తెలీదని కన్నకూతురి ముందు ఎలా అంటాడు? కసురుకునుంటాడు. పిల్ల ఏడ్చుంటుంది. ఇంక ఈయనకి నిద్ర ఎక్కడిది?"

సిస్టర్ అలవాటు కొద్దీ మేస్త్రీ వైపు తిరిగారు. ఈసారి ఆవిడ అడగనక్కర్లేకపోయింది.

"అవును" అన్నాడు మేస్త్రీ. ఆయన వైపు తిరిగి, "నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లోనూ ఇదే. దీపం ఎందుకు పెడతామో మా అమ్మాయికి మీ పిల్లే ఎవరినో అడిగొచ్చి చెప్పింది."

సిస్టర్ లేచారు. "పిల్లలకి అడగడం నేర్పాను. ఇంటికెళ్ళాక ఆ ప్రశ్న ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. తప్పు నాదే, క్షమించండి" అన్నారు. నా సర్వీసంతా తప్పులు దిద్దడంతోనే గడిచింది. ఇద్దరు తండ్రుల ముందు, పై అధికారి ముందు, తన తప్పు తనే ఇంత శుభ్రంగా దిద్దుకున్న టీచర్ని మాత్రం ఇంకొకరిని చూడలేదు. ఆ క్షణాన ఆవిడ మీద నాకు కలిగిన గౌరవం చిన్నది కాదు.

ఫాదర్ గొంతు సవరించుకుని, వచ్చే వారం క్లాసు ఎప్పటిలాగే ఉంటుందన్నారు. టీసీల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బోర్డు సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. అది ఇప్పటికీ అడ్డంగానే ఉంది.

మేస్త్రీ వరండాలోకి వెళ్ళాడు. అప్పటికే ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయిన కూతురి ముందు, నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వడిగింది నాకు తెలీదమ్మా. మా నాన్న చెప్పేలోపే పోయాడు. రేపు ఇద్దరం కలిసెళ్ళి అడిగి నేర్చుకుందాం."

ఆ పిల్ల కాసేపు వాళ్ళ నాన్న ముఖంలోకి చూసి, అచ్చం సిస్టర్ లాగే తల పక్కకి వంచింది.

"అవునా?" అంది.