అడ్డవాటం కాగితం

ఆ వీధిలో ఆమెను అందరూ జిగురక్క అంటారు. మేడ మీద రెండు గదులు. ముందు గదిలో పుస్తకాలకు కుట్లు వేసి అట్టలు కడుతుంది. వెనక గదిలో ఆమె, కూతురు చిట్టి ఉంటారు. ముప్పై ఏళ్ళుగా పిండి జిగురు ఉడికించిన చేతులు కాబట్టి వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా, పొరలు పొరలుగా, విచ్చుకోవడం మరిచిపోయిన మొగ్గల్లా ఉంటాయి.

మంచి పనిమంతురాలు, కానీ తన నీడ కూడా ఒక అడుగు ముందుకు వేస్తే ఎక్కడికని అడిగే రకం. బయటికి వెళ్ళేటప్పుడు తాళం వేసి, దాని కింద తలుపు సందు మీద సన్నటి కాగితం చీలికను ఒక్క జిగురు చుక్కతో అంటించి వెళ్తుంది. తిరిగొచ్చాక ముందు చూసేది తాళాన్ని కాదు, చీలికను. తాళానికి ఇంకో తాళంచెవి ఉండొచ్చు, తెగిన కాగితాన్ని అతికే తాళంచెవి ఎక్కడా లేదని ఆమె వాదన. కింద అట్టపెట్టెలు చేసే మేస్త్రి నవ్వుతాడు. జిగురక్క ఇంట్లో దొంగ పడితే ఏమీ దొరక్క, ఆ చీలిక ఒక్కటే పట్టుకుపోతాడని.

చిట్టికి పందొమ్మిదేళ్ళు. కన్నది జిగురక్క కాదు. చెల్లెలికి మూడో కాన్పులో పుట్టిన పిల్లను, పాలు మాన్పించగానే తెచ్చి ఈ ఒడిలో పెట్టారు. ఆ సంగతి చిట్టికి తెలుసు, వీధికీ తెలుసు. ఇంట్లో మాత్రం ఎవరూ ఎత్తరు. ఉప్పుడబ్బా ఎక్కడుందో అందరికీ తెలుసు కదా, ఎవరైనా చెప్పుకుంటారా?

ఇన్నేళ్ళూ వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు, మొగుడి బదిలీ పేరుతో ఈ ఏడాదే రెండు వీధుల అవతలికి వచ్చింది. ప్రతి గురువారం ఒక పుస్తకం పట్టుకుని మెట్లెక్కుతుంది. మొదట చిరిగిన వంటల పుస్తకం తెచ్చింది. తర్వాత వెన్ను విరిగిన పటాల పుస్తకం. ఆ తర్వాతి వారం నిఘంటువు. అది ఎక్కడా చిరగలేదు, కుట్టు కూడా సడలలేదు. దెబ్బ తగలని పుస్తకాన్ని వైద్యానికి తెచ్చే మనిషిని ఎవరు నమ్ముతారు? పైగా చిట్టి టీ అందిస్తుంటే చెల్లెలి చూపు కప్పు మీద ఉండదు, చేతి మీద ఉంటుంది. పొడుగాటి వేళ్ళు, చివరన కొద్దిగా వంపు. రెండు చేతులూ ఒకే అచ్చు. మధ్యలో ఆ కప్పు కాసేపు ఎవరిదో తెలియకుండా ఆగిపోతుంది.

అదే రోజుల్లో చిట్టి సొరుగు మూసే అలవాటు నేర్చింది. తల్లి అడుగు వినపడగానే చెక్క చెక్కకు తగిలే చిన్న చప్పుడు. ఏదైనా అడిగితే ఏం లేదమ్మా అంటుంది. ఏమీ లేనిదాన్ని మూయడం ఎందుకని జిగురక్క అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, వచ్చాక దాన్ని వెనక్కి పంపలేం. అందుకని ఒక మధ్యాహ్నం కూతురు దారపు ఉండలు కొనడానికి వెళ్ళినప్పుడు, సొరుగు పైఅంచు మీద ఒక చీలిక అంటించింది.

ఇంతలో పిల్లి గొడవ ఒకటి. కాగితాలను ఎలుకలు కొరక్కుండా ఆ ఇంట్లో ఒక బూడిద రంగు పిల్లి ఉంది. నడకలో ఉన్న ఠీవి చూసి చిట్టి దానికి దొరసాని అని పేరు పెట్టింది. దొరసాని పాత అట్టల పెట్టెలో నాలుగు పిల్లలను పెట్టింది. జిగురక్క దానికి మెత్తటి గుడ్డ పరిచింది, పాలగిన్నె పక్కనే పెట్టింది, గంటకోసారి పిల్లలను ఎత్తి లెక్క చూసుకుంది. వారం తిరిగేసరికి ఒకటి తగ్గింది. మర్నాడు ఇంకొకటి.

ఆమెకు మేస్త్రి గుర్తొచ్చాడు. కిందటేడు తన పెట్టెల మధ్య ఎలుకలు తిరుగుతున్నాయని ఒక పిల్లను అడిగాడు. నిలదీస్తే అతను కత్తెర పక్కన పెట్టి చెవి గోక్కున్నాడు.

"పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని చిన్నప్పుడు మీ అమ్మ చెప్పలేదా అక్కా? మీ ఇల్లు ఎన్నోదో దాన్నే అడుగు."

"నా ఇంట్లో దానికి ఏం తక్కువైందని తిప్పుతుంది?"

మేస్త్రి మళ్ళీ కత్తెర అందుకున్నాడు. జవాబు లేని మనిషి మీద అనుమానం రెట్టింపు చేసుకుని ఆమె మెట్లెక్కింది.

ఆదివారం అట్టలు కట్టిన పుస్తకాలు ఇవ్వడానికి బయటికి వెళ్ళింది. తిరిగొస్తుంటే చెల్లెలు మెట్లు దిగుతూ ఎదురైంది. ఊరికే ఇటు వచ్చానక్కా అంది. అది గురువారం కాదు, చేతిలో పుస్తకమూ లేదు. లోపలికి వెళ్ళి, చిట్టి నీళ్ళు పట్టడానికి దిగగానే జిగురక్క సొరుగు చూసింది. చీలిక ఉంది. కానీ అది తనది కాదు.

కర్రకు ఉన్నట్టే కాగితానికీ ఒక వాటం ఉంటుంది, లోపలి నార పోయే దిక్కు. వాటం వెంట కోసిన చీలిక జిగురు తాగినా చదునుగా పడుకుంటుంది. అడ్డవాటంగా కోసింది తడి తగలగానే సాగుతుంది, ఆరాక ముడత పడుతుంది. ఈ చీలిక ముడత పడి, కలత నిద్రలో మనిషిలా వంకర తిరిగి ఉంది. ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్క ముక్క కూడా అలా కోయలేదు. ఆమె దగ్గర పెరిగిన చిట్టి పదేళ్ళ వయసులోనే కాగితాన్ని బుగ్గకు ఆనించి వాటం చెప్పేది. అంటే ఇది పని తెలియని చేయి. ఆ చేతికి పొడుగాటి వేళ్ళు ఉన్నాయి, చివరన కొద్దిగా వంపు ఉంది.

సొరుగు తెరవలేదు. లోపల ఉన్నది ఉత్తరమైతే, అందులో రమ్మని రాసి ఉంటే, ఆ మాట చదివిన కళ్ళతో మళ్ళీ చిట్టిని ఎలా చూడాలి? సోమవారం చూసింది, మంగళవారం చూసింది. ముడత అలాగే ఉంది. బుధవారం కుట్టులో సూది రెండుసార్లు వేలికి దిగింది.

గురువారం పొద్దున్నే దొరసాని తిరగడానికి వెళ్ళగానే, దొంగ చేయి దూరగల ఒకే ఒక దారైన గాలికిటికీని మూసి గడియ పెట్టింది. మిగిలిన రెండు పిల్లలైనా దక్కాలి. కాసేపటికి బయట గట్టు మీద దొరసాని అరవడం మొదలుపెట్టింది. లోపల పెట్టెలో పిల్లలు అందుకున్నాయి. జిగురక్క అట్ట కొలుస్తూ కూర్చుంది. సరిగ్గా ఆ అరుపుల మధ్యలోకి చెల్లెలు వచ్చింది, చేతిలో మళ్ళీ అదే నిఘంటువు.

"సొరుగులో ఏం పెట్టావే?" అంది జిగురక్క, కూర్చోమని కూడా అనకుండా.

చెల్లెలు అర్థం కానట్టు చూసింది. జిగురక్క చీలిక సంగతి చెప్పింది, ఆదివారం సంగతి చెప్పింది. తెలియని పని దొంగతనంగా చేస్తే ఇలాగే ముడత పడుతుందని చెప్పింది. చివరికి ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట తానే ఎత్తింది.

"ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకుపోదామనే కదా ఈ రాకపోకలన్నీ?"

చెల్లెలు నిఘంటువును రెండు చేతులతో గుండెకు పట్టుకుంది.

"అడిగే మొహం నాకెక్కడిది అక్కా? చూసుకుందామని వచ్చాను. కప్పు అందుకునేంతసేపు."

వెనక గది గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది.

"ఆ కాగితం అంటించింది నేనమ్మా."

"నువ్వా? అడ్డవాటంగానా?"

"కావాలనే. సరిగ్గా అంటిస్తే నీకు తెలియదుగా. నువ్వు చూడాలి, చూశాక తెరవాలి. నాలుగు రోజులైంది, తెరవవేం?"

బయట పిల్లి అరుపు బొంగురుపోయింది. నోటితో చెప్పడానికి ఏమొచ్చిందని జిగురక్క అడిగింది. గొంతులో కోపం కన్నా దాహం ఎక్కువ ఉంది.

"చెబితే ఎవరు నూరిపోశారంటావు. పిన్ని మీదికి పోతావు. ఇప్పుడు పోలేదూ?"

సొరుగు చిట్టే తెరిచింది. అందులో ఉత్తరం లేదు. పెద్ద నగరంలోని గ్రంథాలయంలో శిథిలమైన పాత పుస్తకాలను బాగుచేయడం నేర్పే రెండేళ్ళ చదువు, దాని దరఖాస్తు. అన్ని గడులూ నిండాయి. అడుగున తల్లి సంతకం అన్న గడి ఖాళీగా ఉంది. శనివారంలోగా పంపాలి.

చెల్లెలు నేల చూస్తూ, ఆదివారం వచ్చినప్పుడు ఆ సంతకం తాను పెడతానన్నానని ఒప్పుకుంది. జిగురక్క తల చటుక్కున లేచింది. అనుమానం పూర్తిగా తప్పు కాలేదన్న చిన్న గెలుపు ఆ కళ్ళలో మెరిసి, నిలవడానికి చోటు దొరక్క ఆరిపోయింది. ఎందుకంటే చిట్టి అంటోంది:

"నేను వద్దన్నాను. ఆ గడి నీదమ్మా. నువ్వు పెట్టకపోతే అలాగే ఉంటుంది."

జిగురక్క కొలుస్తున్న అట్టను పక్కన పెట్టింది. లేచి గాలికిటికీ గడియ తీసింది. దొరసాని ఆమె చేతిని రాసుకుంటూ లోపలికి దూకింది. గుడ్డ వైపు చూడలేదు, పాల వైపు చూడలేదు. ఒక పిల్లను మెడ దగ్గర కరిచి పట్టుకుని, వచ్చిన దారినే గట్టెక్కి, ఎదురింటి రేకుల కిందికి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి రెండోదాన్ని తీసుకుపోయింది. పెట్టెలో నాలుగు చిన్న గుంటలు, వాటిలో రెండు ఇంకా కొంచెం వెచ్చగా. తన పిండి చేతుల వాసనను తల్లిపిల్లి ఎన్నిసార్లు నాకి తుడుచుకుని ఉంటుందో అని ఆమెకు మొదటిసారి తోచింది. కింద నుంచి మేస్త్రి కేక వినిపించింది, చూసుకో అక్కా, నా కొట్లోకి రాలేదని.

చెల్లెలు వెళ్ళడానికి లేస్తే, టీ తాగి వెళ్ళమంది జిగురక్క. చిట్టి కప్పు అందించింది. ఈసారి జిగురక్క తల పక్కకు తిప్పుకుంది.

ఆ సాయంత్రం దరఖాస్తును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని ముద్ర అసలుదా కాదా చూసింది. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడిగింది. ఇక్కడ నీకేం తక్కువైందని అనబోయి, ఆ మాట ఇదివరకే ఎవరి గురించో అన్నట్టు గుర్తొచ్చి ఆగిపోయింది. సంతకం మాట ఎత్తలేదు. చిట్టి కాగితాన్ని సొరుగులో పెట్టేసింది.

శుక్రవారం పొద్దున దొరసాని ఒంటరిగా వచ్చింది. పెట్టెలోకి ఒకసారి తొంగిచూసి, గిన్నెలో పాలు తాగి, మూతి తుడుచుకుని వెళ్ళింది. చిట్టి నీళ్ళకు దిగింది. జిగురక్క సొరుగు తెరిచి, తడి చేతులు చీరకు రెండుసార్లు తుడుచుకుని, గడిలో సంతకం పెట్టింది. అక్షరాలు గడి దాటి కొంచెం బయటికి వచ్చాయి. ఆరనిచ్చి, సొరుగు మూసి, కత్తి తీసుకుంది. కాగితాన్ని బుగ్గకు ఆనించి వాటం చూసుకుని, దాన్ని అడ్డంగా తిప్పింది. చేయి వెంటనే కదలలేదు. తెలిసి చేస్తున్న మొదటి తప్పు కదా. కోసి, జిగురు చుక్క పెట్టి, సొరుగు అంచు మీద అంటించింది.

చిట్టి నీళ్ళ బిందె దించే వేళకు చీలిక ఆరి ముడత పడింది. చిట్టి వంగి, బొటనవేలితో ఆ ముడతను మెల్లగా నిమిరింది. ముందు గదిలో జిగురక్క తల వంచుకుని కుట్టు వేస్తోంది. సూది కదులుతూనే ఉంది. చెవి మాత్రం సొరుగు చప్పుడు కోసం కాచుకుని ఉంది.